వంకవతల కడవలు

సుబ్బరత్నమ్మకు సభలంటే ఒళ్ళుమంట. ఆమె ఉద్యోగమేమో సభలు పెట్టడం.

పుట్టింది కడప జిల్లాలో, ఒంటిమిట్ట పక్కన. ఎనిమిదో తరగతి దాకా చదివింది, పెళ్ళయింది, ఇరవై రెండో ఏట మొగుడు విషజ్వరంతో పోయాడు. ఆ తరువాత రెండేళ్ళు అన్న ఇంట్లో, వదిన కనుబొమలు ఎటు కదిలితే అటు లేస్తూ కూర్చుంటూ గడిపింది. గ్రామసేవికలు కావాలని పేపర్లో పడ్డప్పుడు, ఆడమనిషికి ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగమేమిటని అన్న రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. వదిన మాత్రం ఆ సాయంత్రమే అటక మీది ట్రంకుపెట్టె దించి, దులిపి, ఎండలో పెట్టింది.

శిక్షణలో పొగరాని పొయ్యి కట్టడం నేర్పారు. చెక్కబొమ్మకు నలుగు పెట్టి పసిబిడ్డ స్నానం నేర్పారు. ప్రణాళికకు ప్రజలే పునాది అని నల్లబల్ల మీద రాసి పదిసార్లు రాయించారు. రాయించిన పెద్దమనిషి, ఆరు నెలలు తనకు మూడు పూటలా వడ్డించిన మనిషి పేరేమిటో కనుక్కోలేదు. ఈ సంగతి సుబ్బరత్నమ్మ గమనించింది. గమనించడం తప్ప అప్పట్లో ఆమెకు చేతనయింది ఏమీ లేదు. నలుగురిలో నోరు తెరవాలంటే మాట కన్నా ముందు దగ్గు వచ్చేది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయి రెండేళ్ళు కూడా నిండని రోజులు. ఆమెను పత్తికొండ వైపు ఎర్రదొడ్డి అనే ఊరికి వేశారు. ఆ ఊరిని ఒక వంక రెండుగా చీల్చింది. వానాకాలంలో నాలుగు రోజులు తప్ప అందులో పారేది ఇసుకే. ఇవతల గట్టున రెడ్డి, కరణం, కోమట్ల ఇళ్ళు, రెండు మంచినీళ్ళ బావులు. అవతల గట్టున అరవై గడప బోయవాళ్ళు, దూదేకులవాళ్ళు. ఇంకా దిగువన పాతిక గడప మాలపల్లె. అవతల బావి లేదు. వాళ్ళు ఇవతలి బావుల దగ్గరికి రాకూడదు. వంక ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీటిని టెంకాయచిప్పతో ముంచి కడవల్లో పోసుకుంటారు. మాఘం దాటితే ఒక కడవ నిండే లోపల ఒక ఆడమనిషి బిడ్డ తల దువ్వి, పేలు కుక్కి, పక్కింటి కాపురాన్ని మొత్తం విప్పి మళ్ళీ కట్టేయగలదు.

ఆ ఏడు ఎర్రదొడ్డికి ఒక బావి మంజూరయింది, మార్చి లోపల పూర్తి కావాలి. తవ్వకం కూలి ఊరివాళ్ళు ఊరికే చెయ్యాలి, రాళ్ళూ సున్నమూ సర్కారు ఇస్తుంది. బావి ఎక్కడన్నది మాత్రం ప్రజలే గోష్ఠి జరుపుకుని తేల్చాలి. ఆ గోష్ఠి ఏర్పాటు చేసి, నడిపి, తీర్మానం రాసే పని గ్రామసేవికది.

బ్లాకు ఆఫీసరు పరాంకుశం కోస్తా వైపు సర్కారు జిల్లాల మనిషి. ఇస్త్రీ పైజామా వేసుకుని, రాయలసీమ దుమ్మును తనకు జరిగిన అన్యాయంగా భావించేవాడు. సుబ్బరత్నమ్మను పిలిపించి, పై నుంచి వచ్చిన కాగితం చూపించాడు.

"ప్రజల అవసరం ప్రజల నోటి నుంచే రావాలమ్మా. మనం చెప్పకూడదు. అది ముఖ్యం," అన్నాడు. ఆ తరువాత ప్రజల నోటి నుంచి ఏం రావాలో ఒక అరఠావు మీద రాసిచ్చాడు.

పిలవవలసిన వాళ్ళ జాబితా కూడా ఆయనే చెప్పాడు. రైతుల తరఫున లింగారెడ్డి. చేతిపనుల వాళ్ళ తరఫున లింగారెడ్డి కొలిచే గింజల మీద బతికే ఆయగాడు, వడ్రంగి. పశువుల కాపరుల తరఫున లింగారెడ్డి గొర్రెల మంద కాచేవాడు. స్త్రీల తరఫున లింగారెడ్డి అత్తగారు. ఆమె గడప దాటి పదిహేనేళ్ళయింది. ఇంతమంది కలిసి ఆలోచిస్తే బావి ఎక్కడ పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. లింగారెడ్డి కిందటేడు కొత్తగా నిమ్మతోట పెట్టాడు. చెట్లు మోకాలెత్తు లేచి, నీళ్ళకు మొహం వాచి ఉన్నాయి.

వంకవతలి వాళ్ళను ఏ వరసలో రాయమంటారని సుబ్బరత్నమ్మ అడిగింది.

"వాళ్ళు శ్రోతలు," అన్నాడు పరాంకుశం.

కార్యక్రమం ఇలా ఉంది: ప్రార్థన, స్వాగతం, పూలదండలు, ఆఫీసరు ప్రసంగం ఒక గంట, ఉపాహారం, ప్రజల చర్చ పావుగంట, తీర్మానం. ప్రజలకు ఆ పావుగంట కూడా ఎక్కువేనన్నట్టు ఆయన పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టాడు.

సుబ్బరత్నమ్మ జాబితా మడిచి సంచిలో పెట్టుకుంది. ఎదురు చెప్పలేదు. కానీ మరునాడు తలారి చిన్న ఈరన్నను వెంటబెట్టుకుని వంక దాటింది. వీధి మలుపులో నిలబడి ఈరన్న పిలుపు వేశాడు. ముప్పై మంది ఆడవాళ్ళు వచ్చారు, కొంగులు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డారు. శిక్షణలో నేర్పినట్టే ఆమె అడిగింది: మీ ఊరికి ఏం కావాలమ్మా?

ఒకామె బడి అంది. ఇంకొకామె ఆమె మొహం చూసి తానూ బడే అంది. చివరకు గిడ్డమ్మ అనే ముసలి బోయామె, వక్కాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని, విసుగ్గా పలికింది.

"నీకేం గావల్లో చెప్పుమ్మా. అదే చెప్తాం. ఎండెక్కుతాండాది, మాకు పనులుండాయి."

సుబ్బరత్నమ్మ చెవులు ఎర్రబడ్డాయి. గిడ్డమ్మ మాటలో తిట్టు లేదు. సర్కారు మనుషులకు ఏం కావాలో అది ఇచ్చి పంపడం, వానకు గొంగడి కప్పుకోవడం లాంటిదే ఆమెకు. ఈవిడ కూడా ఒక వాన. కాసేపటికి వెలిసిపోతుంది.

ఆ తరువాత ఆమె అడగడం మానేసింది. వరసగా ఐదు రోజులు, తెల్లవారేసరికి వెళ్ళి చెలమ దగ్గర ఇసుకలో ఊరికే కూర్చుంది. మొదటి రోజు కూర్చునేందుకు చోటు లేక, ఒక ఖాళీ కడవను చేత్తో కొంచెం పక్కకు జరిపింది. చెలమ దగ్గర మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

దౌలత్ బీ అనే దూదేకులామె లేచొచ్చి, కడవను తిరిగి దాని గుంతలో సరిగ్గా పెట్టి, మెత్తగా చెప్పింది. "కడవను జరపగూడదమ్మా. కడవుంటే మనిషి నిలబడినట్టే. బాలింతయినా, కూలికి పోయినా, ఆయమ్మ కడవ ఆడుంటే ఆయమ్మ ఆడుండాదనే లెక్క. రెడ్డి జీతగాడొచ్చినా వరసలో కడవ మీద చెయ్యెయ్యడు."

ఆ కట్టుబాటుకు ఇంకో కొస కూడా ఉందని మూడో రోజు తెలిసింది. వరసలో దొంగ కడవ ఉందని అనుమానమొస్తే, అందరిలోకీ పెద్దామె ఆ కడవ పక్కన నిలబడి, ఎవరిదని మూడుసార్లు అడుగుతుంది. కడవ గలామె గాని, ఆమె ఇంటి ఆడమనిషి గాని నాది అని నోరు తెరిచి చెప్పాలి. మూడోసారికీ జవాబు లేకపోతే, ఎత్తుకున్నవాళ్ళదే కడవ. గిడ్డమ్మ ఇంట్లో రెండు అలా వచ్చినవేనట. ఆ మాట ఆమె సిగ్గుపడకుండా చెప్పింది.

సుబ్బరత్నమ్మకు ఆ పూట మొదటిసారి ఉద్యోగం మీద ఆశ పుట్టింది. మనుషులు నోరు తెరవని చోట కడవలు పలుకుతున్నాయి. ఇవతల చావడి అరుగెక్కడానికి ఈ ఆడవాళ్ళకు వీల్లేదు. ఎక్కినా కూలి పోగొట్టుకుని గంటసేపు ప్రసంగం వినలేరు. కడవ మాత్రం ఎంతసేపయినా నిలబడుతుంది, దానికి కూలి పోదు. గోష్ఠి నాడు ఎవరికి బావి ఎక్కడ కావాలో అక్కడ తమ కడవ పెట్టి పనికి పోవచ్చు కదా అని ఆమె అడిగింది. చెలమ దగ్గర అందరి కళ్ళూ తమ తమ కడవల మీదికి పోయాయి. చోటు ఎక్కడన్న తగువు మాత్రం రెండు రోజులు నడిచింది. చివరికి బోయగేరి ఇళ్ళ వెనక మొరం దిన్నె పక్కన, నాలుగడుగుల లోతు నుంచే చెమ్మ తగిలే చోటు కుదిరింది.

సుబ్బరత్నమ్మ వెళుతుంటే, మాలపల్లెవాళ్ళు వేరుగా తవ్వుకున్న దిగువ చెలమ దగ్గరి నుంచి సోమక్క అనే ఆమె వెంట నడిచింది, పది అడుగుల దూరం వదిలి.

"మా కడవలు యాడ పెట్టల్లమ్మా? ఆ వరసలోనా, ఇంగో వరసలోనా?"

సుబ్బరత్నమ్మ నిలబడిపోయింది. ఐదు రోజులు కూర్చుని ఐదు పేజీలు రాసుకున్న తన నోటుపుస్తకంలో దిగువ చెలమ గురించి ఒక్క ముక్క లేదు. పరాంకుశం జాబితాను చూసి నవ్వుకున్న మనిషి తాను రాసుకున్న జాబితా కూడా అటువంటిదే. మీరు కూడా దిన్నె మీదే పెట్టండని చెప్పింది. వరస సంగతి చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది.

కడవల ఆలోచన విని పరాంకుశం ముచ్చటపడ్డాడు. ఆయనకది అధికారులకు జరిపే పూర్ణకుంభ స్వాగతం లాగా వినిపించింది. కర్నూలు నుంచి ఫొటోగ్రాఫరును పిలిపిస్తానన్నాడు. అక్కడే కుర్చీలో కూర్చున్న లింగారెడ్డి కూడా నవ్వి, మంచిదే, రెండు చోట్లా పెట్టిద్దాం, ఎక్కడ ఎక్కువుంటే అక్కడే బావి అన్నాడు. గోష్ఠికి ముందురోజు పత్తికొండ దారిన ఒక ఎద్దులబండి గడ్డిలో సర్దిన కొత్త కడవలతో ఊళ్ళోకి వచ్చింది. వందకు తక్కువ లేవు. ప్రజాస్వామ్యాన్ని సంతలో కొనుక్కురావచ్చునని ఆ జిల్లాలో ముందు కనిపెట్టిన వాడు బహుశా లింగారెడ్డే.

గోష్ఠి రోజు పది గంటలకు రావలసిన జీపు పన్నెండున్నరకు వచ్చింది. ప్రార్థన అయింది. దండలు పడ్డాయి. పరాంకుశం పల్లె దేశానికి గుండెకాయ అన్నాడు, ఆ గుండెకాయ వాసనకు మధ్యమధ్య జేబురుమాలు ముక్కుకు అద్దుకున్నాడు. వడ్రంగి నిద్రపోయాడు. స్త్రీల ప్రతినిధికి మోకాళ్ళ నొప్పులని కబురొచ్చింది; ఆమె అభిప్రాయం మాత్రం అల్లుడి దగ్గర సిద్ధంగా ఉంది. ఉప్మా తిన్నాక అందరూ కడవలు చూడ్డానికి లేచారు.

నిమ్మతోట గట్టున కొత్త కడవలు సిపాయిల్లాగా నాలుగు వరసల్లో ఉన్నాయి. కరణం లెక్కపెట్టి తొంభై ఆరు అన్నాడు. వంక దాటి మొరం దిన్నెకు పోయారు. అక్కడ పాతవి, అంచులు పగిలినవి, చెయ్యి తగిలి తగిలి మెడ అరిగినవి ఒక వంకర వరసగా ఉన్నాయి. కరణం అరవై ఒకటి అన్నాడు. ఇరవై అడుగుల అవతల ఇంకో చిన్న వరస ఉంది. దాని దగ్గరికి ఆయన పోలేదు.

"అవి లెక్కలోకి రావు. వేరే వరస," అన్నాడు.

ఎట్లా చూసినా తొంభై ఆరే ఎక్కువ. పరాంకుశం ఊపిరి పీల్చుకుని తీర్మానం కాగితం తీశాడు. అది రెండు రోజుల కిందటే ఆఫీసులో టైపయింది. గోష్ఠి నడిపిన మనిషి కాబట్టి చదివి సంతకం చెయ్యమని సుబ్బరత్నమ్మకిచ్చాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది. గ్రామస్థులందరూ కూలంకషంగా చర్చించి, స్త్రీలు ముక్తకంఠంతో కోరగా, లింగారెడ్డి గారి నిమ్మతోట సర్వే నంబరులో... అక్కడ ఆగింది. రెండుసార్లు దగ్గింది.

"ఇది నేను చదవలేను సార్," అంది.

"అక్షరాలు సరిగా పడలేదా?"

"పడ్డాయి సార్. కడవల లెక్క అవలేదు. ఈ ఊళ్ళో కడవల లెక్క కరణం గారు చేసేది కాదు. ఎవరిదని అడగాలి."

పరాంకుశానికి ఏమీ అర్థం కాలేదు. గిడ్డమ్మకు అయింది. అప్పటిదాకా దూరంగా నిలబడిన ముసలిది కొంగు నడుముకు చుట్టి, వంకలోకి దిగి, ఇవతలి గట్టెక్కి, తిన్నగా నిమ్మతోట దగ్గరికి నడిచింది. వెనక ఆడవాళ్ళు. వాళ్ళ వెనక ఏం జరుగుతుందోనని ఆఫీసరు, రెడ్డి, కరణం, కెమెరా మోసుకుంటూ ఫొటోగ్రాఫరు. ఆమె మొదటి కొత్త కడవ పక్కన నిలబడింది.

"ఎవురిదిమే ఈ కడవ?"

పలికేవాళ్ళు లేరు. రెడ్డి ఇంటి ఆడవాళ్ళు వాకిలి దాటరు. మూడుసార్లు అడిగి రెండో కడవ దగ్గరికి జరిగింది. లింగారెడ్డి కన్నుసైగ చేశాడు. ఆయన బండివాడు ముందుకొచ్చి అది తనదన్నాడు.

గిడ్డమ్మ అతన్ని కాళ్ళ నుంచి తలపాగా దాకా చూసింది. "నీదా అప్పా? దినామూ నీళ్ళకు నువ్వే పోతాండావా? మీ ఇంటామెకు నొప్పులేమన్న వచ్చినాయా, నీకా?"

ఆడవాళ్ళు కొంగుల్లో నవ్వారు. బండివాడు వెనక్కు జరిగి, జరిగినవాడు జరిగినట్టే తోటలోకి మాయమయ్యాడు. కడవ తనదని ఒప్పుకునే మగవాడు ఎర్రదొడ్డిలో పుట్టలేదు. లింగారెడ్డి ఊరంతా కొనగలడు గాని, ఆడదాని కడవ నాదని నలుగురిలో అనలేడు. అన్నాడంటే మనవల దాకా ఆ పేరు పోదు. కొనేటప్పుడు ఈ సంగతి ఆయనకు తట్టలేదు. ఆయన ఏనాడూ నీళ్ళ దగ్గరికి పోయినవాడు కాదు.

జవాబు లేని కడవలను దౌలత్ బీ ఎత్తింది, ఇంకొకామె ఎత్తింది. ఇక చాలు, ఎత్తొద్దు, బండిలో వేయించి వెనక్కు పంపుతానని లింగారెడ్డి అరిచాడు. ఆ అరుపు పూర్తయ్యే లోపల సోమక్క దూరం నుంచి వచ్చి, వంగి, చివరి వరసలో ఒక కడవను రెండు చేతులతో పట్టుకుంది. ఆ వరసలో కడవలు ఒకదానికొకటి తగులుతూ ఉన్నాయి; ఒకటి ముట్టుకుంటే వరసంతా మైలే. రెడ్డి బండి కోసం ఎత్తిన చెయ్యి దించేశాడు. ఇప్పుడు వాటిని ఇంటికి తీసుకుపోతే అత్తగారే వీధిలోకి విసిరేస్తుంది. తన మైల తనకే అడ్డం పడ్డ మనిషిని సుబ్బరత్నమ్మ అంత దగ్గరగా అంతకు ముందు చూడలేదు. చూసి జాలి పడలేదు.

ముందు వరసలు బోయ, దూదేకుల ఆడవాళ్ళు, చివరి వరస మాలపల్లెవాళ్ళు ఎత్తుకున్నాక నిమ్మతోట గట్టు ఖాళీ అయింది. అందరూ మళ్ళీ దిన్నెకు వచ్చారు. గిడ్డమ్మ అరవై ఒక్క కడవల దగ్గరా అడిగింది. అరవై ఒక్క జవాబులు వచ్చాయి. కూలికి పోయినవాళ్ళ తరఫున కూతుళ్ళు, అత్తలు పలికారు. వరస అయిపోయింది. ఇరవై అడుగుల అవతలి వరస వైపు చూసి గిడ్డమ్మ ఆగింది. వక్కాకు ఉమ్మేసింది. చివరకు అటు నడిచింది.

"ఇవెవురివిమే?"

"నాది," అంది సోమక్క. పక్కనున్నామె నాది అంది. ఇరవై నాలుగు గొంతులు.

పరాంకుశం ముఖం ఎండకు, కోపానికి కందిపోయింది. సుబ్బరత్నమ్మను పక్కకు పిలిచి, ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని గుర్తుచేశాడు.

"కాలేదు సార్," అంది ఆమె. "సంతకం కావాలంటే చూసిందే రాస్తాను."

ఆయన ఆమెను వదిలేసి, తవ్వకానికి మనుషులు ఎంతమంది వస్తారని రెడ్డిని అడిగాడు. తోట దగ్గరయితే తన జీతగాళ్ళు నలుగురున్నారని రెడ్డి అన్నాడు. నలుగురు ముప్పై అడుగుల బావి తవ్వాలంటే మార్చి కాదు, మరుసటి మార్చి దాటుతుంది. చిన్న ఈరన్నను బోయగేరికీ మాలపల్లెకూ పంపారు. తలారి తిరిగొచ్చి, చేతులు కట్టుకుని, నేల చూస్తూ చెప్పాడు.

"తోటకాడికి ఎవురూ రారంట సామీ. దిన్నె మీదయితే రేపు పొద్దున్నే గడ్డపార్లు ఎత్తుకొస్తారంట. మాలపల్లెవాళ్ళు గూడా."

పని మార్చి లోపల పూర్తి కాకపోతే పరాంకుశం పేరు పైవాళ్ళ దగ్గర పాడవుతుంది. ఆయన టైపు కాగితం మీద సర్వే నంబరు కొట్టేసి, పైన దిన్నె నంబరు రాశాడు. మిగతా తీర్మానం ఒక్క అక్షరం మార్చలేదు. కూలంకషమైన చర్చ, ముక్తకంఠం, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆ ఒక్క పూటకు అవి నిజమయ్యాయి గనుక సుబ్బరత్నమ్మ సంతకం చేసింది. తరువాత జిల్లా పత్రికలో కొత్త కడవలు ఎత్తుకుని నవ్వుతున్న ఆడవాళ్ళ ఫొటో పడింది. కింద, ఆఫీసరు గారి వినూత్న పద్ధతిలో ప్రజల భాగస్వామ్యం అని రాశారు.

ఉగాది వెళ్ళిన వారానికి నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు. గట్టు కట్టాక ఒక నాపరాయి ఫలకం తెచ్చి పాతారు. పరాంకుశం వచ్చి దానికి పసుపు రాశాడు. జీపు పోయాక, ఏం రాసినారమ్మా అని గిడ్డమ్మ అడిగింది. సుబ్బరత్నమ్మ చదివింది: ఆఫీసరు పేరు, లింగారెడ్డి పేరు, కరణం పేరు.

"పోనీలేమ్మా," అంది గిడ్డమ్మ. "రాయి తాగుతామా?"

ఆ మాటకు అందరూ నవ్వారు, సోమక్క కూడా. నవ్వి, తన కడవ తెచ్చి గట్టుకు నాలుగడుగుల దూరంలో పెట్టి నిలబడింది. ఆమె మొగుడు ఆ బావిలో ఇరవై రోజులు మట్టి ఎత్తాడు. గిడ్డమ్మ చేద దించి, తోడి, ఎత్తు నుంచి ఆమె కడవలో పోసింది. చేంతాడు ఆమె చేతికి ఇవ్వలేదు.

సుబ్బరత్నమ్మ దగ్గరికి పోయి ఎందుకని అడిగింది. ఈసారి దగ్గు రాలేదు.

గిడ్డమ్మ ఆమె వైపు చూడలేదు. "కడవ ఎవురిదని అడిగేది ఒగటి, చేంతాడు చేతికిచ్చేది ఒగటి," అని మళ్ళీ చేద దించింది.

వైశాఖంలో బదిలీ కాగితం వచ్చింది, ఆదోని అవతల ఇంకో ఊరికి. ఈసారి ఎవరూ చెప్పకముందే సుబ్బరత్నమ్మ ఆ ఊళ్ళో దిగువ చెలమ ఎక్కడుందో కనుక్కుని, ముందు అక్కడికి పోయి కూర్చుంది.